అప్పగింత: సువార్తలలోని విచారణ ఘట్టం

నాలుగు సువార్తలూ యేసు విచారణను వర్ణించినవి. వివరాలలో ఒకదానికొకటి భేదించినా నాలుగూ ఒకే చోటికి చేరినవి. వాటిని పక్కపక్కన పెట్టుకొని చదివిన పాఠకుడికి ముందుగా ఒక వింత గోచరిస్తుంది. అన్యాయపు తీర్పుల కథలు లోకంలో సాధారణంగా పొరపాటు మీద నడుస్తాయి. దొంగసాక్ష్యాన్ని నమ్మినందువల్లనో, ఆనవాలు చేతులు మారినందువల్లనో, నిజం చెప్పగలిగినవాడు వేళకు రానందువల్లనో నిర్దోషి శిక్ష పాలవుతాడు. ఇక్కడ అటువంటిది ఏదీ లేదు. న్యాయాధిపతి ముద్దాయిని ప్రశ్నించినాడు. నేరమేమీ లేదని గ్రహించినాడు. గ్రహించిన సంగతిని నలుగురి ఎదుట ప్రకటించినాడు. లూకా సువార్తలో మూడుమార్లు ప్రకటించినాడు; యోహాను సువార్తలోనూ మూడుమార్లే. ఆ పిమ్మట అదే మనిషిని మరణానికి పంపినాడు. తీర్పునకూ శిక్షకూ నడుమ ఉన్న ఈ అగాధాన్ని కథ ఏ విధంగా దాటింది అన్నదే ఈ ఘట్టంలో విమర్శకుడు చూడదగిన విషయం.

దానికి సమాధానం ఒక క్రియాపదంలో ఉన్నది. సువార్తల మూలభాష గ్రీకు. ఆ భాషలో పరదిదోమి అనే మాటకు ఒకరి వద్దనున్న దానిని మరొకరి చేతికి ఇచ్చుట అని అర్థం. శిష్యుడైన యూదా తన గురువును ప్రధాన యాజకులకు ఇచ్చినాడు. యాజకులు రోమను అధిపతియైన పిలాతునకు ఇచ్చినారు. పిలాతు సిలువవేయువారికి ఇచ్చినాడు. మూడు చోట్లా మూలంలో ఉన్నది ఈ ఒక్క క్రియే. తెలుగు అనువాదకులు దీనికి ‘అప్పగించు’ అనే మాటను ఎన్నుకొని, ముగ్గురి విషయంలోనూ దానినే నిలుపుకొన్నారు. ఇది చిన్న సంగతి కాదు. ప్రచారంలో ఉన్న హిందీ అనువాదం యూదా విషయంలో పట్టించుట అనే అర్థంగల ‘పకడ్‌వానా’ అనే క్రియను, పిలాతు విషయంలో ‘సౌంప్‌నా’ అనే క్రియను వాడింది. ప్రాచీన ఆంగ్లానువాదం సయితం శిష్యుని పనికి ద్రోహమనే పేరు పెట్టి, అధికారి పనికి అందజేయుట అనే మర్యాదగల మాటను కేటాయించింది. ఆ భాషలలో చదివినవారికి ద్రోహి ఒక్కడే కనిపిస్తాడు. తక్కినవారు తమ తమ ఉద్యోగాలు నెరవేర్చుకొన్నట్లు ఉంటుంది. తెలుగులో చదివినవారికి ఆ సౌకర్యం లేదు. తోటలో ముద్దుపెట్టినవాడూ, న్యాయపీఠం మీద కూర్చున్నవాడూ చేసిన పని ఒక్కటే అని ఆ పదమే చెవిలో చెబుతుంది. పెండ్లి ముగిసిన పిమ్మట పిల్లను అత్తవారి చేతులలో పెట్టే వేడుకకు కూడా తెలుగు ఇండ్లలో ఇదే మాట. ఇచ్చినవారి బాధ్యత అక్కడితో తీరిపోలేదని ఆ వేడుకలో కార్చే కన్నీరే చెబుతుంది. సువార్తలోని అప్పగింతలకు అటువంటి తడి లేదు. ఇచ్చినవాడు చేతులు దులుపుకొని వెనుదిరుగుతాడు.

మొదటి విచారణ రాత్రివేళ జరిగింది. మార్కు చెప్పిన ప్రకారం ప్రధాన యాజకుని ఇంట మహాసభ కూడింది. సాక్షులు పలువురు వచ్చినారు గాని వారి మాటలు ఒకదానితో ఒకటి పొసగలేదు. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట కలిస్తేనే మరణశిక్ష విధించవలెనని మోషే ధర్మశాస్త్రం ద్వితీయోపదేశకాండంలో స్పష్టంగా చెప్పింది. సాక్ష్యం విఫలమైన చోట విచారణ ఆగిపోవలసింది. ఆగలేదు. ప్రధాన యాజకుడు స్వయంగా లేచి, ముద్దాయినే అడిగి, అతని నోటినుండి వచ్చిన జవాబునే నేరంగా ఎంచి, వస్త్రం చింపుకొని, ఇక సాక్షులతో పని ఏమున్నదన్నాడు. సాక్షులు పనికిరాకపోయినారు గనుకనే వారితో పని లేకపోయిందన్న సంగతిని మార్కు వ్యాఖ్యానించడు. రెండు విషయాలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఊరుకొంటాడు. మరణశిక్షకు తగిన అభియోగాలను రాత్రివేళ విచారించరాదనీ, నేరస్థాపన తీర్పును అదే రోజున ప్రకటించరాదనీ యూదుల మిష్నా గ్రంథంలో నియమాలున్నవి. ఆ గ్రంథం క్రీ.శ. 200 ప్రాంతాన కూర్చబడినది గనుక, అవి యేసు కాలంలో అమలులో ఉన్నవని దాని ఆధారంతో వాదించరాదు. వాదించనక్కరలేదు కూడా. మార్కు కథనం తనలో తానే చాలినంత సాక్ష్యం.

యోహాను ఈ రాత్రిని మరొక విధంగా చిత్రించినాడు. ముందుగా అన్న అనే వృద్ధ యాజకుని ఎదుట ప్రశ్నోత్తరాలు జరుగుతాయి. తాను బహిరంగంగా బోధించినాననీ, విన్నవారిని అడగవచ్చుననీ ముద్దాయి అంటాడు. పక్కనున్న బంట్రోతు అతనిని చెంపమీద కొడతాడు. అప్పుడు యేసు, తన మాటలో తప్పుంటే ఆ తప్పు ఏదో రుజువు చేయవలసిందనీ, తప్పు లేనప్పుడు ఈ దెబ్బ దేనికనీ అడుగుతాడు. విచారణ యావత్తులోనూ న్యాయశాస్త్ర భాషలో పలికిన వాక్యం ఇది ఒక్కటే అనవచ్చును. సాక్షిని పిలువమన్నవాడు, రుజువు కోరినవాడు, శిక్షకు కారణం అడిగినవాడు ముద్దాయి మాత్రమే. చెంపను చూపుమని ఇతరులకు బోధించినవాడు తన చెంపమీద దెబ్బ పడినప్పుడు ప్రశ్న వేయడం కొందరు వ్యాఖ్యాతలకు ఇబ్బంది కలిగించింది. ఆ ఇబ్బంది అనవసరమైనది. అతడు తిరిగి కొట్టలేదు. కొట్టినవానిని మనిషిగా ఎంచి జవాబు అడిగినాడు. బంట్రోతు జవాబు చెప్పలేదు. కథ అక్కడితో ఆ ప్రశ్నను విడిచి, ముద్దాయిని కయప వద్దకు పంపుతుంది.

తెల్లవారుజామున ముద్దాయిని పిలాతు అధికార మందిరానికి తెచ్చినారు. తెచ్చినవారు లోపల అడుగుపెట్టలేదు. అన్యుల ఇంట ప్రవేశిస్తే మైల అంటుతుందనీ, అట్లయితే పస్కా భోజనానికి అర్హత పోతుందనీ వారి భయం. మడి, మైల ఎరిగిన మన పాఠకునికి ఈ వాక్యానికి వ్యాఖ్యానం అక్కరలేదు. గడప దాటకుండానే ఒక ప్రాణాన్ని గడప దాటించినారు. దీనివలన న్యాయాధిపతికి ఒక విచిత్రమైన పని తటస్థపడింది. ఫిర్యాదీలు బయట, ముద్దాయి లోపల; ఆయన ఆ రెంటికీ నడుమ పలుమార్లు తిరుగవలసి వచ్చింది. యోహాను ఈ రాకపోకలతోనే ఘట్టాన్ని ఏడు చిన్న దృశ్యాలుగా నిర్మించినాడు. లోపల నిదానంగా సంభాషణ, బయట కేకలు. లోపలికి వచ్చినప్పుడెల్ల పిలాతునకు ముద్దాయి నిర్దోషి అన్న సంగతి మరింత స్పష్టమవుతుంది. బయటికి పోయినప్పుడెల్ల ఆ స్పష్టత వలన ప్రయోజనం తగ్గిపోతుంది. అధికారం ఎవరి చేతిలో ఉన్నదో ఆ మనిషి నడకే చెబుతున్నది. ప్రపంచ నాటక సాహిత్యంలో రంగసూచనలతో ఇంత పని చేయించిన ఘట్టాలు అరుదు.

పిలాతు మొదటి ప్రశ్న సక్రమమైనదే. అభియోగమేమని అడిగినాడు. దానికి వచ్చిన ప్రత్యుత్తరంలో అభియోగం లేదు. దుర్మార్గుడు కాకపోతే తాము అప్పగించి ఉండేవారమే కామని వారన్నారు. అనగా అప్పగించడమే నేరానికి రుజువు! నేరముంటే మనిషిని పట్టుకొనడం న్యాయం. పట్టుకొన్నారు గనుక నేరముంటుందనడం ఈ వాక్యంలోని తర్కం. ఇరవై శతాబ్దాల పిమ్మట కూడా ఠాణాలలోనూ కచేరీలలోనూ ఈ తర్కం వినబడుతూనే ఉన్నది. పిలాతు దీనిని లోపలికి మోసుకొనిపోయి ముద్దాయితో, నీ జనమే నిన్ను అప్పగించినది, నీవేమి చేసినావని అడుగుతాడు. అభియోగం చెప్పవలసిన భారం ఫిర్యాదీల నుండి ముద్దాయి మీదికి ఈ విధంగా మారిపోయింది.

సత్యమంటే ఏమిటన్న పిలాతు ప్రశ్న లోకప్రసిద్ధం. దీనిని తాత్త్విక జిజ్ఞాసగా పొగడినవారున్నారు, పరిహాసమని కొట్టిపారవేసినవారున్నారు. యోహాను వ్రాసిన తరువాతి మాటను చూస్తే రెండూ కావనిపిస్తుంది. ప్రశ్న వేసినవాడు జవాబుకై నిలువలేదు. బయటికి వెళ్లి, ఇతనిలో దోషం లేదని ప్రకటించినాడు. ఆ క్షణాన అతనికి కావలసిన సత్యం అంత గహనమైనది కాదు. ఈ మనిషి తిరుగుబాటు చేసినాడా, లేదా అన్నదే సత్యం. అది అతనికి తెలుసును. తెలిసిన చిన్న సత్యాన్ని ఆచరించలేనివాడు తెలియని పెద్ద సత్యాన్ని అడ్డం పెట్టుకొన్నాడు. కురుసభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు భీష్ముడు ధర్మపు సూక్ష్మతను చెప్పి తప్పుకొన్న తీరు తెలుగు పాఠకునికి ఇక్కడ గుర్తుకు రాక మానదు. వస్త్రాన్ని లాగుతున్న చేతిని చూడడానికి సూక్ష్మదృష్టి అక్కరలేదు. ఆ సభలో వికర్ణుడన్నా లేచినాడు. ఈ సభలో అటువంటి గొంతు మత్తయి కథనంలో మాత్రమే, అదీ దూరాన్నుండి, వినవస్తుంది: స్వప్నంలో బాధపడిన పిలాతు భార్య ఆ నీతిమంతుని జోలికి పోవద్దని న్యాయపీఠం మీదనున్న భర్తకు కబురు పంపింది. ఆమె పేరు కూడా గ్రంథంలో లేదు.

లూకా కథనంలో ఒక వాక్యం ఉన్నది. దానికి రావలసినంత పేరు రాలేదు. ఇతడు మరణానికి తగిన పనేదీ చేయలేదు, కాబట్టి శిక్షించి విడుదల చేస్తానని పిలాతు అంటాడు. ఆ ‘కాబట్టి’ మీద ఎంతసేపు నిలిచినా తనివి తీరదు. నిర్దోషి గనుక కొట్టిస్తాడట! ఇది క్రూరుని మాట కాదు, మధ్యేమార్గం వెదికే మంచి అధికారి మాట. న్యాయానికీ అన్యాయానికీ నడుమ ఒక ఒడంబడిక కుదర్చవచ్చునని అతని ఆశ. కొంత రక్తం చూపిస్తే గుంపు తృప్తిపడుతుందనుకొన్నాడు. యోహాను సువార్తలో ఈ ఆశ మాటలతో ఆగలేదు. విచారణ నడుస్తుండగానే కొరడా దెబ్బలు, ముండ్ల కిరీటం, ఊదా వస్త్రం. ఆ వేషంతో ముద్దాయిని బయటికి తెచ్చి చూపించినాడు. దెబ్బలు తిన్నవానిని చూసి జాలిపడతారనుకొన్నాడు కాబోలు. జరిగింది వేరు. న్యాయాధిపతే కొట్టించగలిగిన మనిషిని నిర్దోషి అని ఎవరు నమ్ముతారు? మొదటి రాజీతోనే తన తీర్పును తానే రద్దు చేసుకొన్నాడు.

బరబ్బ వృత్తాంతం ఈ వైపరీత్యాన్ని పూర్తి చేస్తున్నది. పండుగనాడు ఒక ఖైదీని విడిచే ఆచారం సువార్తలకు వెలుపల ఎక్కడా కనబడదు; చరిత్రకారులు దానిని సందేహించడానికి కారణమున్నది. కథలో దాని స్థానం మాత్రం సందేహాతీతం. కలహంలో నరహత్య చేసినవారితో కూడ ఖైదులో ఉన్నవాడుగా మార్కు బరబ్బను పరిచయం చేసినాడు. లూకా అయితే కలహం, నరహత్య రెండూ అతనివేనని చెప్పినాడు. యేసు మీద మోపినది రాజద్రోహం. ఆ నేరం నిజంగా తగిలినవాడు విడుదలైనాడు. బరబ్బ అనే పేరుకు తండ్రి కుమారుడని అర్థం. మత్తయి సువార్త ప్రాచీన ప్రతులు కొన్నిటిలో అతని పేరు యేసు బరబ్బ అని కూడా ఉన్నది. పేరులో సయితం ఇద్దరినీ కలిపి, విధిలో వేరుచేసిన ఆ పాఠం పరిష్కర్తలను చాలాకాలం కలవరపెట్టింది.

చివరికి పిలాతును కదిలించినది అభియోగం కాదు, ఒక బెదిరింపు. దైవకుమారుడనని చెప్పుకొన్నాడన్న మతవిషయికమైన నేరం పారకపోయేసరికి ఫిర్యాదీలు మాట మార్చినారు. ఇతనిని విడిస్తే నీవు కైసరుకు మిత్రుడవు కావన్నారు. ఆ మాటతో కచేరీలో ముద్దాయి మారిపోయినాడు. అంతవరకు యేసు నిలబడిన చోట ఇప్పుడు పిలాతు నిలబడినాడు. అతని ఉద్యోగం, అతని విధేయత విచారణకు వచ్చినవి. తనను తాను విడిపించుకొనడానికి అతడు న్యాయపీఠం ఎక్కినాడు.

శూద్రకుని మృచ్ఛకటికంలోని తొమ్మిదవ అంకం చదివినవారికి ఈ సన్నివేశం పరిచితమైనదే. శకారుడు వసంతసేన గొంతు నులిమి, ఆ నేరాన్ని చారుదత్తునిపై మోపడానికి న్యాయమండపానికి వస్తాడు. అధికరణికుడు ఆ రోజు అతని వ్యవహారం చూడనని చెప్పిస్తాడు. శకారుడు రాజుగారి బావమరిది. పాలకునితో చెప్పి ఈ న్యాయాధిపతిని తీయించి వేరొకనిని వేయిస్తానంటాడు. వెంటనే ద్వారం తెరుచుకొంటుంది. అధికరణికుడు చెడ్డవాడు కాడు. చారుదత్తుని ముఖం చూసినప్పుడే ఇటువంటివాడు ఈ పని చేయడని అతని మనస్సుకు తోచింది. నిర్ణయం మాత్రం తమదనీ, తక్కినది రాజుదనీ చెప్పి, చంపక దేశం నుండి వెళ్లగొట్టవలెనని సూచించి, రాజు వద్దకు పంపినాడు. రాజు కొరత వేయమన్నాడు. మరుసటి అంకంలో ముద్దాయి తన శూలాన్ని తన భుజం మీద మోసుకొని పోతాడు. యోహాను సువార్తలో యేసు తన సిలువను తానే మోసినట్లు. పోలిక ఇంత దగ్గరగా వచ్చి ఒక్కచోట విడిపోతుంది. ఉజ్జయిని న్యాయాధిపతిని సాక్ష్యం మోసగించింది. వసంతసేన తల్లి మాట, బండి సంగతి, విదూషకుని చంకనుండి జారిపడిన నగలు, అన్నీ చారుదత్తునికి ప్రతికూలంగా నిలిచినవి. యెరూషలేములో పిలాతును ఏ సాక్ష్యమూ మోసగించలేదు. అందుచేతనే శూద్రకుడు వసంతసేనను బ్రతికించి తీసుకొనివచ్చి కథను చక్కదిద్దగలిగినాడు. నిజం బయటపడితే ఆ అన్యాయం తొలగిపోతుంది. నిజం మొదటినుండీ బయటనే ఉన్నచోట ఏ పాత్ర వచ్చి ఏమి చెప్పగలదు?

చేతులు కడుగుకొన్న సంగతి మత్తయి ఒక్కడే చెప్పినాడు. ద్వితీయోపదేశకాండంలో దీనికి మూలమనదగిన ఒక తంతు ఉన్నది. పొలంలో శవం దొరికి, చంపినవాడెవడో తెలియనప్పుడు, సమీప గ్రామపు పెద్దలు చేతులు కడుగుకొని, ఈ రక్తం తమ చేతులు చిందించలేదని చెప్పవలెను. చంపినవాడు తెలియనప్పుడు, చావు జరిగిన తరువాత, చేయవలసిన తంతు అది. పిలాతు దానిని చావుకు ముందే, చంపించేవాడు తానై ఉండి చేసినాడు. మత్తయి చదువరులు ధర్మశాస్త్రం ఎరిగినవారు. వారికి ఈ తలక్రిందుల తంతు తప్పక స్ఫురించి ఉంటుంది. రోమను అధికారి యూదుల ఆచారాన్ని ఆశ్రయించడం చరిత్రకు పొసగునా అంటే వేరు మాట.

ఇంకొక సూక్ష్మం. లూకా తప్ప తక్కిన ముగ్గురి కథనాలలో శిక్ష విధించుతున్నానని పిలాతు చెప్పిన వాక్యం లేదు. నేరం లేదన్న తీర్పు ఉన్నది; దానికి విరుద్ధమైన తీర్పు ఎక్కడా ఉచ్చరింపబడలేదు. పీఠం మీద కూర్చున్నాడు, అప్పగించినాడు, అంతే. తీర్పు ఉండవలసిన చోట ఆ పాత క్రియాపదమే కూర్చున్నది. ఆ తరువాత యోహాను ఒక చిన్న ముచ్చట చేర్చినాడు. సిలువపై పెట్టిన పలక మీద యూదుల రాజని హెబ్రీ, లాటిను, గ్రీకు భాషలలో వ్రాయించినారు. యాజకులు ఆ మాటను సవరించుమన్నారు. పిలాతు ససేమిరా అన్నాడు, వ్రాసినది వ్రాసినదే. ప్రాణం విషయంలో పూటలో పలుమార్లు జారిన మనిషి పలక మీది అక్షరాల విషయంలో కొండవలె నిలిచినాడు. మూడు భాషలలో వెలసిన ఆ పలకను యేసును గూర్చిన మొట్టమొదటి అనువాదమని అనువాదకులు గర్వించవచ్చును గాని, అది ఎక్కడ వ్రేలాడినదో కూడా మరువరాదు.

ఇక చరిత్ర. పొంతి పిలాతు క్రీ.శ. 26 నుండి 36 వరకు యూదయను పాలించిన రోమను అధికారి. 1961లో కైసరయ రంగస్థల శిథిలాలలో బయటపడిన రాతి మీద అతని పేరు, ప్రిఫెక్టు అనే హోదాతో సహా, చెక్కబడి ఉన్నది. అలెగ్జాండ్రియా పండితుడు ఫైలో అతనిని మొండివాడని, విచారణ లేకుండా మనుష్యులను చంపించినవాడని వర్ణించినాడు. సమరయులపై సైన్యాన్ని ప్రయోగించిన పిమ్మట ఫిర్యాదులు రాగా అతనిని రోముకు పంపివేసినారని జోసీఫస్ వ్రాసినాడు. ఇటువంటివాడు ఒక గలిలయ బోధకుని కొరకు ఇంత తటపటాయించెనా? సువార్తలు రూపొందిన కాలానికి, అనగా క్రీ.శ. 70 ప్రాంతంనుండి శతాబ్దాంతం వరకు, క్రైస్తవ సంఘాలు రోమను సామ్రాజ్యపు నీడలో బ్రతుకవలసి ఉన్నది. యూదు సమాజంతో ఎడబాటు పెరుగుతున్నది. ఆ పరిస్థితిలో అధిపతి నేరం కొంత తేలికై, తక్కినవారి నేరం కొంత బరువెక్కినదని పలువురు పండితులు భావించినారు. ఈ వాదంలో బలమున్నది. పిలాతును నిర్దోషిగా చేయడం వారి ఉద్దేశమైతే మాత్రం సువార్తికులు ఆ పని చాలా చెడ్డగా చేసినారనవలెను. అతని నోట నిజం పలికించినకొద్దీ అతని నేరం పెరిగినదే గాని తరుగలేదు.

ఆ వాదపు చేదు ఫలం వేరొకచోట పండింది. ఆ రక్తం తమమీదనూ తమ పిల్లలమీదనూ ఉండనిమ్మని గుంపు అరచినట్లు మత్తయి వ్రాసిన మాటను యూరపులోని క్రైస్తవ సమాజం ఒక జాతి యావత్తుకు శాశ్వత శాపంగా చదివింది. చంపబడినవాడు యూదుడు, అతనికై ఏడ్చినవారు యూదులు, ఈ కథను మొదట చెప్పినవారు యూదులు. అయినా శతాబ్దాల తరబడి వీథులలో హింసింపబడినవారు యూదులే. ఒక ఉదయాన యాజకుల మంగలం, వారు ప్రేరేపించిన గుంపు చేసిన పనికి పుట్టని బిడ్డలను బాధ్యులను చేసినారు. ఇది కూడా అప్పగింతయే. ఈసారి అప్పగించినది పాఠకుడు. 1965 అక్టోబరు 28న రెండవ వాటికన్ మహాసభ తన ప్రకటనలో ఆనాటి యూదులందరికీ గాని నేటి యూదులకు గాని ఈ మరణాన్ని అంటగట్టరాదని చెప్పింది. మంచి మాటే, చాలా ఆలస్యంగా వచ్చింది. యోహాను సువార్తలో పదేపదే వచ్చే ‘యూదులు’ అనే మాటకు పలుచోట్ల నాటి మతాధికారులని అర్థం. ఇటువంటి చోట అనువాదకుడు మక్కికి మక్కి దించడం నిజాయితీ అనిపించుకొంటుందో, అపాయమనిపించుకొంటుందో ఆలోచించవలసి ఉన్నది.

పిలాతు పక్షాన వాదించిన ఒక న్యాయకోవిదుడు భారతదేశానికి సంబంధించినవాడు. జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ 1869 నుండి 1872 వరకు వైస్రాయి సభలో న్యాయసభ్యుడు. ఒకటిన్నర శతాబ్దం పాటు, 2024 జూన్ వరకు, మన కచేరీలలో నడచిన 1872 నాటి సాక్ష్య చట్టం ఆయన రచనయే. స్వదేశానికి తిరిగిపోతూ జాన్ స్టూవర్ట్ మిల్‌కు ప్రత్యుత్తరంగా వ్రాయనారంభించి, 1873లో ప్రకటించిన గ్రంథంలో ఆయన పిలాతు ప్రశ్నను ఎత్తుకొన్నాడు. దేశంలో శాంతిని కాపాడడం పిలాతు ప్రథమ ధర్మమనీ, అందుకు ఈ శిక్ష అవసరమని అతడు సహేతుకంగా నమ్మి ఉంటే ఆ మేరకు అతడు చేసినది తప్పు కాదనీ ఆయన వాదన. ఆ కఠోరత్వం పాఠకునికి నచ్చదేమోనని, పంజాబులో ఒక మహామతసంస్కర్త బయలుదేరితే ఆంగ్ల పాలకుడు ఏమి చేస్తాడో ఆలోచించుమని ఇండియా అనుభవాన్నే ఉదాహరించినాడు. ఇంత నిర్మొహమాటంగా ఒక సామ్రాజ్యవాది తనను తాను పిలాతు పీఠం మీద కూర్చోబెట్టుకొన్న సందర్భం మరొకటి ఉండదు. స్టీఫెన్‌లో కపటం లేదు. అది ఒప్పుకొనవలసిన గుణం. ఆయన వాదం మాత్రం సువార్త ఎదుట నిలువదు. శాంతి కొరకే అయితే, కలహంలో నరహత్య చేసిన బరబ్బను వీథిలోకి వదలడమెందుకు? పైగా ఈ వాదానికి మొదటి కర్త స్టీఫెన్ కాదు. జనమంతా నశించడం కంటె ఒక మనిషి చావడం మేలని యాజకుడైన కయప విచారణకు చాలాముందే చెప్పినాడు. యోహాను సరిగా విచారణ మొదలయ్యే చోట దానిని గుర్తుచేసినాడు.

భారత శిక్షాస్మృతిలో రాజద్రోహానికి 124-ఏ సెక్షనును 1870లో చేర్పించినవాడు కూడా స్టీఫెనే. ఆ సెక్షను కిందనే 1922 మార్చి 18న అహమ్మదాబాదులో గాంధీ విచారణ జరిగింది. ఆయన నేరం ఒప్పుకొన్నాడు. ఈ చట్టం చెడ్డదని తోస్తే పదవి వదలుకొమ్మనీ, మంచిదని తోస్తే కఠినాతికఠినమైన శిక్ష వేయుమనీ న్యాయాధిపతికి రెండు దారులు చూపినాడు. పిలాతు వెదికిన మూడవ దారిని ముందే మూసివేసినాడు. న్యాయాధిపతి బ్రూంఫీల్డు ముద్దాయి ఔన్నత్యాన్ని నిండు కచేరీలో ఒప్పుకొని, ఆరేండ్ల శిక్షను తన నోటితో తానే చెప్పినాడు. ఆ శిక్ష న్యాయమైనదని నేడెవరూ అనరు. అయినా అది ఒక మనిషి తనదిగా పలికిన తీర్పు. దానికి కర్త ఉన్నాడు. పిలాతు కథలో కర్త ఎవరని వెదుకుతూ పోతే వేలు ఒకరినుండి ఒకరికి మారుతూనే ఉంటుంది.

ఆ వేలును ఆపిన మాట సువార్తలో ఒక్కటున్నది. తనకు విడిచే అధికారమూ చంపే అధికారమూ ఉన్నవని పిలాతు గుర్తుచేసినప్పుడు, ఆ అధికారం అతనికి పైనుండి వచ్చినదనీ, తనను అప్పగించినవానిది ఇంకా పెద్ద పాపమనీ ముద్దాయి అంటాడు. దీనిలో క్షమాపణ లేదు, శాపమూ లేదు. పెద్దదని చెప్పడంలోనే తక్కినదీ పాపమేనని ఉన్నది. ఎవరి వంతు ఎంతో తూచిన న్యాయాధిపతి ఆ ఉదయాన ఆ మందిరంలో అతడొక్కడే.

యోహాను కథనంలో ఆ క్రియాపదం మరొక్కసారి వస్తుంది. సిలువ మీద అంతా ముగిసినదని చెప్పి, తలవంచి, యేసు తన ఆత్మను అప్పగించినాడు. హిందీ అనువాదం ఇక్కడ ప్రాణత్యాగమనే అర్థం వచ్చే మాట వాడింది. పాత ఆంగ్లానువాదమూ వేరే మాటనే వాడింది. గ్రీకులో ఉన్నది ఆ పాత క్రియయే, తెలుగులోనూ అదే నిలిచింది. యూదా నుండి పిలాతు వరకు ప్రతివాడూ పరాయి ప్రాణాన్ని ఇచ్చినాడు. ఇతడు తనదానిని ఇచ్చినాడు.